నెల్లూరు నుంచి ఒంగోలుకి: మా గేమ్ కన్సోల్‌కి వీపీఎన్ కట్టిన డైరీ

జూన్ 7, శనివారం

రాత్రి పదిన్నర. మా గేమ్ కన్సోల్ పీఎస్5 సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనెక్షన్ టెస్ట్ నొక్కడం ఇది ఆరోసారి. ఆరుసార్లూ ఒకటే జవాబు: నాట్ టైప్ 3, అంటే బయటి కన్సోళ్లు మనల్ని నేరుగా చేరలేవని. స్పీడ్ మాత్రం 94 ఎంబీపీఎస్ చూపిస్తోంది. దానికి లోటేమీ లేదు. కానీ ఒంగోల్లో ఉన్న తమ్ముడిని మ్యాచ్‌కి పిలిస్తే గుండ్రం తిరిగి తిరిగి, కనెక్ట్ కాలేదని వస్తుంది. పార్టీలో కలిసినా వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి పోదు.

పోయిన సంక్రాంతి దాకా మేమిద్దరం నెల్లూరు వేదాయపాళెంలో ఈ ఇంట్లోనే ఉన్నాం. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట క్రికెట్ గేమ్ ఆడటం మాకు అలవాటు. ఆ గంటలోనే ఇంటి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లం. వాడికి ఒంగోలు ట్రాన్స్‌ఫర్ అయ్యాక అక్కడ ఇంకో పీఎస్5 కొన్నాడు, దూరంగా ఉన్నా ఆ గంట పోకూడదని. మధ్యలో దాదాపు 120 కిలోమీటర్లు. అంత దూరం పోయి రావడానికి డేటాకి రెప్పపాటు కూడా పట్టదు. అయినా ఐదు నెలలుగా ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడలేకపోయాం.

ఈ రోజు కారణం దొరికింది. ఇంటి రౌటర్ పేజీ తెరిచి బయటి ఐపీ (నెట్‌లో మన అడ్రసు) చూస్తే 100.71తో మొదలైంది. నా ఐపీ ఎంత అని గూగుల్‌ని అడిగితే పూర్తిగా వేరే నంబర్ చెప్పింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను 2012లో సీజీనాట్ కోసమే కేటాయించారు. ఐపీవీ4 అనే అడ్రసు పద్ధతిలో మొత్తం అడ్రసులు సుమారు 430 కోట్లే. అవి చాలక నెట్ ఇచ్చేవాళ్లు ఎన్నో ఇళ్లను కలిపి ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక పెడతారు, దాన్నే సీజీనాట్ అంటారు. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు. మనం ముందు ఉత్తరం రాస్తే జవాబు మన ఇంటికి వస్తుంది. వేరేవాళ్లు తమంతట తాము రాస్తే అది ఏ ఇంటికి చేరాలో పోస్ట్‌మ్యాన్‌కి తెలియదు. ఆటలో ఒక కన్సోల్ ఇంకో కన్సోల్‌ని నేరుగా పలకరించాలి. తమ్ముడి ఇంట్లోనూ ఇదే పరిస్థితి. ఇద్దరం తలుపు తట్టుకుంటున్నాం, ఇద్దరికీ వినపడటం లేదు.

యూపీఎన్‌పీ ఆన్ చేశా, పోర్ట్ ఫార్వర్డింగ్ రాశా, డీఎంజెడ్‌లో కన్సోల్‌ని పెట్టా. ఇవన్నీ ఇంటి రౌటర్‌లో తలుపులు తెరిచే సెట్టింగ్స్, అంటే మన గుమ్మం దగ్గర చేసే పనులు. మూసిన తలుపు వీధి చివర ఉంది.

జూన్ 8, ఆదివారం

కనెక్షన్ ఇచ్చినాయనకి ఫోన్ చేశా. స్టాటిక్ ఐపీ, అంటే మనకే సొంతంగా ఉండే మారని అడ్రసు, కావాలంటే బిజినెస్ ప్లాన్ తీసుకోవాలట, నెలకి ఇప్పుడు కట్టేదానికి మూడింతలు. ఆ దారి వదిలేశా.

మిగిలింది వీపీఎన్, అంటే మన డేటాని టన్నెల్ లాంటి దారిలో ఇంకో చోట ఉన్న సర్వర్‌కి పంపి, అక్కడినుంచి బయటికి వదిలే పద్ధతి. ఇక్కడ ఒక మాట రాసుకోవాలి. వీపీఎన్ పెడితే పింగ్ (డేటా పోయి రావడానికి పట్టే సమయం) తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా తగ్గదు, మధ్యలో ఇంకో మజిలీ చేరింది కాబట్టి కొంచెం పెరుగుతుంది. వేరే దేశం స్టోర్‌లో చవగ్గా కొనడానికి వాడేవాళ్లూ ఉన్నారు, అది స్టోర్ నిబంధనలకి విరుద్ధం. అకౌంట్ మీద దెబ్బ పడితే కొన్న ఆటలన్నీ పోతాయి. నాకు ఆ రెండూ వద్దు. కావాల్సింది బయటివాళ్లు తట్టగలిగే తలుపు ఒకటి.

జూన్ 11, బుధవారం

పీఎస్5లో వీపీఎన్ యాప్ ఉండదు. ఎక్స్‌బాక్స్‌లో, నింటెండో స్విచ్‌లో కూడా అంతే. ప్రాక్సీ అని ఒక గడి కనిపిస్తుంది, అది వీపీఎన్‌కి బదులు కాదు. కాబట్టి కన్సోల్‌కి ముందు ఉండే పెట్టెలోనే ఆ పని జరగాలి: ల్యాప్‌టాప్ కానీ, రౌటర్ కానీ.

ముందు ల్యాప్‌టాప్‌తో చూశా. ఒక వీపీఎన్ కంపెనీకి ఒక నెల డబ్బు కట్టి విండోస్‌లో ఇన్‌స్టాల్ చేశా. ఆ కనెక్షన్‌ని ల్యాన్ పోర్ట్‌కి షేర్ చేసి, కేబుల్ తీసుకెళ్లి కన్సోల్‌కి గుచ్చా. కన్సోల్‌కి 192.168.137తో మొదలయ్యే ఐపీ వచ్చింది. విండోస్ షేరింగ్‌లో మామూలుగా అదే వస్తుంది కాబట్టి దారి సరిగ్గానే పడిందన్నమాట. యాప్‌లో సర్వర్ పేరు ఇండియా అని ఉంటే అదే ఎంచుకున్నా.

పింగ్ 84 మిల్లీసెకన్లు. ఇండియాలో ఉన్న సర్వర్‌కి అంత రాకూడదు. ఇంకొంచెం తవ్వితే తెలిసింది: ఆ సర్వర్ ఉన్నది సింగపూర్‌లో, ఐపీ మాత్రమే ఇండియాది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు ఐదేళ్లు దాచాలని అందులో ఉంది. ఆ తర్వాత కొన్ని పెద్ద కంపెనీలు తమ సర్వర్లను ఇక్కడినుంచి తీసేసి, బయటినుంచే ఇండియా ఐపీ ఇస్తున్నాయి. వీపీఎన్ వాడటం మన దేశంలో నేరం కాదు. కానీ ఒంగోలుకి పోవాల్సిన మాట సముద్రం దాటి సింగపూర్ పోయి మళ్లీ రావడంలో అర్థం లేదు.

నాట్ టైప్ కూడా 3 గానే ఉంది. అక్కడా వందలమంది ఒకే అడ్రసు వెనక ఉంటారు కదా. ఒక వీధిలోంచి లేచి ఇంకో వీధికి మారినట్టయింది, డోర్ నంబర్ అయితే రాలేదు.

జూన్ 14, శనివారం

సొంత వీపీఎన్ సర్వర్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నా. బెంగళూరు డేటా సెంటర్లో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది తీసుకున్నా, నెలకి 480 రూపాయలు. దానికి సొంత పబ్లిక్ ఐపీ ఉంటుంది. ముంబైలో కూడా ఒకటి గంటసేపు తీసుకుని చూశా. నెల్లూరునుంచి ముంబైకి 31 మిల్లీసెకన్లు, బెంగళూరుకి 17. బెంగళూరే ఖాయం.

ట్రంకు రోడ్డు షాపుల్లో అడిగితే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (మనకి కావాల్సినట్టు మార్చుకోగలిగే రౌటర్ సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ ఎవరి దగ్గరా లేదు. ఆన్‌లైన్‌లో ముందే రెండు తెప్పించుకున్నా, ఒక్కోటి 2,300. అరచేతిలో పట్టేంత ట్రావెల్ రౌటర్. 580 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, మొబైల్ చార్జర్‌తో నడుస్తుంది. రెండోది తమ్ముడి కోసం.

అమరిక ఇలా. ఫైబర్ బాక్స్ నుంచి ఒక కేబుల్ చిన్న రౌటర్‌కి, చిన్న రౌటర్ నుంచి ఒక కేబుల్ కన్సోల్‌కి. చిన్న రౌటర్ వెనక కన్సోల్ ఒక్కటే ఉంటుంది. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ, మా ఆవిడ బ్యాంక్ యాప్, అన్నీ పాత దారిలోనే పోతాయి. కొన్ని బ్యాంక్ యాప్‌లు వీపీఎన్ కనిపిస్తే తెరుచుకోవు, అందుకే ఈ జాగ్రత్త.

ముందు ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌తో చూశా, పాత అనుభవం ఉంది కదా అని. స్పీడ్ 11 ఎంబీపీఎస్ దాటలేదు, ప్రాసెసర్ 100 శాతం పట్టేసింది. ఇంత చిన్న ప్రాసెసర్‌కి అది బరువు. దాన్ని తీసేసి వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టా. ఇది 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి కెర్నెల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోనే) భాగం. అదే రౌటర్‌లో స్పీడ్ 46కి పోయింది. ఆటకి నిజానికి ఒకటి రెండు చాలు, కానీ ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటేనే పింగ్ నిలకడగా ఉంటుంది.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు చేసిన పనే మొత్తానికి కీలకం, కాబట్టి వివరంగా రాస్తున్నా.

వైర్‌గార్డ్‌లో రెండు చివరలకీ చెరో తాళంచెవుల జత ఉంటుంది. పబ్లిక్ కీలు ఇచ్చిపుచ్చుకుంటే టన్నెల్ నిలబడుతుంది. రౌటర్ వైపు కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టా, అంటే అంతసేపటికోసారి రౌటర్ ఒక చిన్న పలకరింపు పంపుతుంది. అది లేకపోతే టన్నెల్ కాసేపు ఖాళీగా ఉండగానే సీజీనాట్ మనల్ని మరిచిపోతుంది, ఆ తర్వాత బెంగళూరు నుంచి ఇటు ఏమీ రాదు.

మామూలుగా ఇలాంటి రౌటర్ తన వెనక ఉన్న కన్సోల్ అడ్రసుని మార్చేసి పంపుతుంది. అది ఒక నాట్. సర్వర్ ఇంకోసారి మారుస్తుంది. అది రెండోది. నేను రౌటర్‌లో నాట్ ఆపేశా. కన్సోల్ నెట్‌వర్క్ 192.168.50 ఎక్కడుందో సర్వర్‌కి చెప్పా. ఇప్పుడు అడ్రసు మారేది ఒక్కచోటే, అదీ నా చేతిలో ఉన్న చోట. చివరగా, సర్వర్ పబ్లిక్ ఐపీకి వచ్చే యూడీపీ (ఆటలు ఎక్కువగా వాడే డేటా పద్ధతి) మొత్తాన్ని, పోర్ట్ 1024 నుంచి 65535 దాకా, కన్సోల్‌కి మళ్లించా. పోర్ట్‌లంటే ఒకే అడ్రసులో ఉండే తలుపుల నంబర్లు. దాని వెనక వేరే మెషీన్ ఏదీ లేదు కాబట్టి ఆ ధైర్యం చేశా. ల్యాప్‌టాప్‌లు ఉన్న నెట్‌వర్క్‌కి ఎవరూ ఇలా చేయకండి.

రాత్రి 9.20కి టెస్ట్ నొక్కా. నాట్ టైప్ 2, అంటే తలుపు తెరుచుకుంది.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశా. "అన్నా, టూ వచ్చిందా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగాడు. వాడికీ రౌటర్ పంపాకే ఆడదామనుకున్నాం.

జూన్ 16, సోమవారం

పొద్దున ఆరింటికి కరెంటు పోయి ఏడింటికి వచ్చింది. ఫైబర్ బాక్స్ లేచింది, చిన్న రౌటర్ లేచింది, టన్నెల్ లేవలేదు.

ఆఫీసుకి పోతూ కూడా అదే ఆలోచన. మధ్యాహ్నం భోజనం దగ్గర తట్టింది. వైర్‌గార్డ్ తాను వినేది కూడా యూడీపీలోనే, పోర్ట్ 51820. నేను 1024 నుంచి 65535 దాకా అన్నీ కన్సోల్‌కి మళ్లించా, అందులో అది కూడా ఉంది! టన్నెల్ కట్టడానికి వచ్చిన ప్యాకెట్‌ని (డేటా ముక్కని) సర్వర్ తీసుకోకుండా, ఇంకా కట్టని టన్నెల్‌లోంచి కన్సోల్‌కి పంపాలని చూస్తోంది. నిన్న రాత్రి పనిచేసింది ఎందుకంటే టన్నెల్ అప్పటికే నిలబడి ఉంది, సర్వర్ ఆ పాత కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్తగా పలకరించేసరికి కొత్త రూల్ పట్టుకుంది. 51820ని మినహాయించా. టన్నెల్ లేచింది.

జూన్ 18, బుధవారం

ఈదురుగాలికి మళ్లీ కరెంటు పోయింది. మళ్లీ టన్నెల్ లేవలేదు. ఈసారి మాత్రం నిజంగా టెన్షన్ పడ్డా, ఎందుకంటే మారిందంటూ ఏమీ లేదు. సర్వర్‌లో వైర్‌గార్డ్‌ని రీస్టార్ట్ చేస్తే వెంటనే వచ్చేసింది. దాంతో తప్పు సర్వర్‌దే అనుకుని రెండు గంటలు అటే వెతికా.

తప్పు రౌటర్ గడియారంలో ఉంది. ఇలాంటి చిన్న రౌటర్లలో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోతే టైమ్ మరిచిపోతాయి. లేచాక తమలో చివరిసారి సేవ్ అయిన ఫైల్ తేదీ చూసి, ఇదే ఇప్పటి టైమ్ కాబోలు అనుకుంటాయి. వైర్‌గార్డ్ పలకరింపులో టైమ్ ముద్ర ఉంటుంది. సర్వర్ చివరిగా చూసిన ముద్రకంటే పాతది వస్తే, ఎవరో పాత ప్యాకెట్‌ని దొంగిలించి మళ్లీ పంపుతున్నారని దాన్ని పక్కన పడేస్తుంది. మంచి జాగ్రత్తే అది. రౌటర్ రెండు రోజులు వెనక్కిపోయి పలకరిస్తోంది, సర్వర్ తీసుకోవడం లేదు. సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే ఆ చివరి ముద్ర చెరిగిపోతుంది, అందుకే వెంటనే కలిసింది.

నెట్ నుంచి రౌటర్ టైమ్ సరిచేసుకోవచ్చు కదా అంటే, దాని నెట్ మొత్తం టన్నెల్‌లోంచే పోవాలని రాసింది నేనే. టైమ్ లేనిదే టన్నెల్ లేవదు, టన్నెల్ లేవనిదే టైమ్ రాదు.

టైమ్ సర్వర్‌కి పోయే దారిని మాత్రం టన్నెల్ బయటనుంచి, నేరుగా ఫైబర్ బాక్స్ గుండా వేశా. పేరు వెతుక్కునే పని లేకుండా ఐపీ నంబర్ రాశా. తర్వాత ప్లగ్ పీకి పెట్టి మూడుసార్లు చూశా. మూడుసార్లూ టన్నెల్ దానంతటదే లేచింది. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే, ఇంట్లో వైర్‌గార్డ్ పెట్టుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటి సరిచూసుకోండి.

జూన్ 20, శుక్రవారం

స్టోర్ తెరిస్తే అక్షరాలు వస్తున్నాయి, బొమ్మలు రావడం లేదు. టన్నెల్‌లో పట్టే ప్యాకెట్ సైజు 1420 బైట్లు, కన్సోల్ పంపేదీ అడిగేదీ 1500. రౌటర్ ఫైర్‌వాల్‌లో టన్నెల్ జోన్‌కి ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లను టన్నెల్‌లో పట్టే సైజుకి తగ్గించే సెట్టింగ్) టిక్ పెట్టలేదు. పెట్టా, బొమ్మలు వచ్చాయి. ఐదు నిమిషాల పని.

జూన్ 22, ఆదివారం

రెండో రౌటర్‌ని సెట్ చేసి నిన్న ఆర్టీసీ కార్గోలో ఒంగోలు పంపా. సాయంత్రానికే తమ్ముడు బస్టాండుకి పోయి తెచ్చుకున్నాడు. ఈ రోజు ఫోన్‌లో చెబుతుంటే కేబుళ్లు గుచ్చాడు. వాడి టన్నెల్ కూడా లేచింది. మ్యాచ్‌కి పిలిచా. గుండ్రం తిరిగింది. కనెక్ట్ కాలేదు.

"ఏందన్నా ఇది, మళ్లీ మొదటికొచ్చామే" అన్నాడు. గొంతులో నీరసం.

కారణం కాగితం మీద గీస్తే కనిపించింది. ఇద్దరం ఒకే సర్వర్ గుండా బయటికి పోతున్నాం, కాబట్టి ఇద్దరికీ బయట కనిపించేది ఒకే అడ్రసు. నా కన్సోల్ తమ్ముడిని వెతుక్కుంటూ పోతే దానికి దొరికేది తన అడ్రసే. పైగా పోర్ట్‌లన్నీ నా కన్సోల్‌కే రాసి ఉన్నాయి, వాడికి మిగిలింది ఏమీ లేదు. కష్టపడి సంపాదించిన ఒక్క డోర్ నంబర్‌కి ఇద్దరం వాటాదారులమయ్యాం. సర్వర్‌కి రెండో పబ్లిక్ ఐపీ తీసుకుంటే కుదురుతుంది, దానికి నెలనెలా ఇంకొంచెం కట్టాలి.

జూన్ 23, సోమవారం

రెండో ఐపీ కొనబోయి ఆగా. నాట్‌ల గురించి మళ్లీ మొదట్నుంచి చదివా. రెండు వైపులా గట్టిగా మూసి ఉంటేనే కలవడం కుదరదు. ఒక వైపు పూర్తిగా తెరిచి ఉండి, ఎవరు ఏ పోర్ట్ నుంచి వచ్చినా లోపలికి రానిస్తే, రెండో వైపు ఎంత మూసి ఉన్నా ఫర్వాలేదు. వాళ్లే వచ్చి తడతారు, తట్టినవాళ్లకి జవాబు పోతుంది. సీజీనాట్ జవాబులను ఆపదు కదా.

అంటే వాడికి వీపీఎన్ అక్కర్లేదు. నిజానికి ఉండకూడదు.

రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశా. "రేయ్, నేను పంపిన డబ్బా తీసేయ్. కన్సోల్‌ని మీ రౌటర్‌కే నేరుగా పెట్టు."

"తీసేస్తే నాది మళ్లీ త్రీ అయిపోద్ది గదన్నా?"

"అవనీ. నాది టూ ఉంది. నువ్వు నన్ను పిలువు."

కేబుల్ మార్చిన చప్పుడు ఫోన్‌లో వినపడింది. రెండు నిమిషాలకి నా టీవీ మీద వాడి పేరుతో ఆహ్వానం వచ్చింది. నొక్కా. గుండ్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. హెడ్‌సెట్‌లో ఫ్యాన్ చప్పుడు, ఆ వెనకే వాడి గొంతు: "అన్నా, వినపడతాందా?"

పది ఓవర్ల మ్యాచ్ ఆడాం. మొదటి నాలుగు ఓవర్లు ఇద్దరం ఆట గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాడి పాప స్కూల్ సంగతి, అమ్మ మోకాళ్ల నొప్పి, వాడి ఆఫీసులో కొత్తగా వచ్చినాయన, అన్నీ.

జూన్ 29, ఆదివారం

వారం లెక్క. రోజూ ఆడాం. తెగిపోయింది ఒక్కసారే, అదీ ఒంగోల్లో నెట్ పోయినందుకు. ఇద్దరి మధ్య ఆలస్యం 38 నుంచి 45 మిల్లీసెకన్లు. ఫాస్ట్ బౌలింగ్‌లో కూడా టైమింగ్ తప్పడం లేదు.

పెద్ద గేమ్‌లు దించుకునేటప్పుడు కన్సోల్ కేబుల్‌ని ఫైబర్ బాక్స్‌కి మారుస్తున్నా. ఒక్కో గేమ్ వంద జీబీ దాకా ఉంటోంది. దాన్ని టన్నెల్‌లోంచి లాగితే సర్వర్‌కి నెలకి ఇచ్చిన డేటా తరిగిపోతుంది, పైగా 46కి మించి రాదు. కేబుల్ మార్చే బదులు ఒక స్విచ్‌తో అయ్యేలా చేయాలి. అది తర్వాత.

సర్వర్‌కి అప్‌డేట్లు నెలకోసారి వేయాలని క్యాలెండర్‌లో రాసుకున్నా. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీతో మాత్రమే వచ్చేలా పెట్టా. ఊరందరికీ కనిపించే అడ్రసు కాబట్టి రోజుకి వందలమంది తాళం కదిపి చూస్తున్నారు, లాగ్ చూస్తే తెలుస్తోంది.

ఆ నెల డబ్బు కట్టిన వీపీఎన్ కంపెనీ ప్లాన్‌ని రద్దు చేశా.

జూలై 5, శనివారం

ఎనిమిదో ఓవర్. పాప బ్యాటింగ్. హెడ్‌సెట్ తనే పెట్టుకుంది. ఇంకా 14 కొట్టాలి. ఇక్కడ కరెంటు పోయింది.

చీకట్లో కూర్చుని ఫోన్ టైమ్ చూస్తున్నా. ఆరు నిమిషాలకి వచ్చింది. ఫైబర్ బాక్స్‌లో పచ్చ దీపం వెలగడానికి రెండు నిమిషాలు. చిన్న రౌటర్‌కి ఒక నిమిషం. నేను దేన్నీ ముట్టుకోలేదు. కన్సోల్ ఆన్ చేసి పార్టీలోకి పోయా.

"పెదనాన్నా, వచ్చేశావా! నేను అవుట్ కాలేదు, గుర్తుంది గదా?"

మ్యాచ్ పోయింది, మళ్లీ మొదట్నుంచి ఆడాం. రేపు రొట్టెల పండక్కి ముగ్గురూ వస్తున్నారు, పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి. మరదలు సొంతింటి రొట్టె పట్టుకోవాలంటోంది. ఆ రెండో డబ్బాని బ్యాగులో పెట్టమని తమ్ముడికి చెప్పా. మొదటిది ఎప్పుడైనా పాడైతే పెట్టడానికి అదే సెట్టింగ్స్ వేసి ఇక్కడ ఉంచుతా.